దానియేలు గారి ఖాళీ గడులు

నేను ఒక రాతపలకను. పలక అనగానే మీకు బలపం, తడిగుడ్డ గుర్తొస్తాయి కాబోలు, నేను ఆ జాతి కాదు. కరెంటు తాగి బతికేదాన్ని. ఆఫీసులో నన్ను టాబ్ అంటారు, విసుగొచ్చినప్పుడు ‘ఆ అట్ట’ అంటారు, దేనికైనా పలుకుతాను. నా మొహం కాయితంలా కాస్త గరుకుగా ఉంటుంది. పక్కన ఒక పెన్ను అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది. దానితో మీరు లెక్కలే రాయండి, కాకిబొమ్మే గీయండి, అన్నీ కడుపులో దాచుకుంటాను. ఇన్ని దాచుకున్నదాన్ని ఒక్క సంగతి మాత్రం దాచుకోలేకపోతున్నాను. ఆరువందల నలభై ఎకరాలకు నీళ్ళు ఉంటాయా పోతాయా అన్నది నా మొహం మీదే తేలింది. తలుచుకుంటే ఇప్పటికీ నా బ్యాటరీ వేడెక్కుతుంది, కాబట్టి మొదటినుంచీ చెప్పనివ్వండి.

ఎక్కడో దూరదేశంలో, గాలిని కూడా వడకట్టి వదిలే గదిలో పుట్టాను. తెల్ల తొడుగులు వేసుకున్న ఒక చెయ్యి నా మొహం మీద ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత గీసి, బాగానే ఉందని పెట్టెలో పెట్టేసింది. నా పరీక్షలన్నిటిలోకీ తేలికైనది అదే. ఆ తరవాత ఓడ, లారీ, గోడౌను. చివరికి మేం పన్నెండుమందిమి కృష్ణా కాలువల చిట్టచివర, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో కాలువల ఆఫీసు మెట్లెక్కాం.

నా మొదటి యజమాని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భుజంగరావు గారు. మంచి మనిషే. నా మొహం మీది ప్లాస్టిక్ పొర తీస్తే గీతలు పడతాయని భయపడి, ఆ పొర మీదనుంచే తన సంతకం నలభై మూడుసార్లు పెట్టి చూసుకున్నారు. ఒక్కటీ నచ్చినట్టు లేదు. నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎనిమిది నెలలు చీకట్లో ఉన్నాను. ఆ తరవాత హెడ్డు క్లర్కు గారు నన్ను బయటికి తీసి, గాలికి కాయితాలు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టుకున్నారు, నా మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. కొన్నవాళ్ళు వస్తువును ఎందుకు కొన్నారో వాళ్ళకే గుర్తుండదని నాకు అప్పుడే తెలిసింది. ఇంకో ఏడాది అట్లా గడిచింది.

ఇంతలో ఇందుమతి వచ్చింది. కొత్త అసిస్టెంట్ ఇంజనీరు, ఇరవై ఏడేళ్ళ పిల్ల, మొదటి ఉద్యోగం. టీ గ్లాసు పక్కన పెట్టి, నన్ను చేతిలోకి తీసుకుని, గోటితో ఆ ప్లాస్టిక్ పొరను చర్రున లాగేసింది. అబ్బ, ఆ సుఖం ఏం చెప్పమంటారు. ఆ రోజునుంచి నాకు ఊపిరి సలపని పని. స్కూటరు ముందు బుట్టలో నేను, కాలువగట్ల మీద ఆమె. గండి పడిన చోటు, తుప్పు పట్టిన గేటు, గుర్రపుడెక్క పేరుకున్న మలుపు, అన్నీ నా మీద రాసేది. ఒక పేజీలో మాత్రం బదిలీ అర్జీ రాసి పెట్టుకుంది. ఉప్పునీటి ఊళ్ళో ఉండలేకపోతున్నానని, ఎక్కడికైనా పంపమని. దాన్ని రోజూ తెరిచి పైకి చదువుకునేది, పంపేది కాదు.

మే నెల మొదట్లో నాలోకి ఒక కొత్త చుట్టం దిగింది. ఏఐ అసిస్టెంటు. అది ఉండేది ఎక్కడో ఆకాశంలో, చూసేది నా కిటికీలోంచి. మొదట నాకు ఒళ్ళు మండిందని ఒప్పుకుంటాను. ఎందుకంటే నేను మోయగలను కానీ చదవలేను. నా మీద ఎవరు ఏం రాసినా అవి నాకు గీతలే, అర్థం రాసినవాళ్ళతోనే పోయేది. ఈ వచ్చినది చదువుతుందట. దానికి చదువరి అని పేరు పెట్టుకున్నాను. అది చదివినవన్నీ నాకూ తెలుస్తాయి కదా, అసూయ రెండో రోజుకే పోయింది.

అది మర్యాదగలది, అడగనిదే ఏ పేజీ ముట్టుకోదు. ‘ఏ పేజీలు చదవనిస్తారు?’ అని నా మొహం మీద చీటీ పెట్టింది. ఇందుమతి వేలు ఆ చీటీ మీద చాలాసేపు ఆగింది. బదిలీ అర్జీ ఉన్న పేజీకి మాత్రం తాళం వేసి, మిగతావి చదవమంది. రెండు క్షణాలు. ‘పాత పేజీలో ఒకే పేరు నలభై మూడుసార్లు ఉంది, సంతకం సాధన చేసినట్టుంది’ అని రాసింది చదువరి. ఇందుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనైతే ఆనందంతో రెండుసార్లు వెలిగి ఆరాను, చార్జింగు తక్కువైందనుకుంది పాపం.

అసలు పని అప్పుడే వచ్చి పడింది. మరమ్మతులు చేయాల్సిన కాలువల జాబితా తయారు చేయాలి. ప్రతి చానలుకూ, అంటే ప్రతి పిల్లకాలువకూ, పదేళ్ళ నీటి రికార్డు చూపించాలి. నీళ్ళు సరిగా పారని చానళ్ళను జాబితాలోంచి కొట్టేస్తారు. అంటే ఇక పూడిక తీయరు, గేటు బాగు చేయరు, రెండేళ్ళలో తుమ్మ మొలిచి కాలువ అన్న సంగతే పోతుంది. ఇందుమతి వంతుకు వచ్చిన వాటిలో చిట్టచివరిది నాగులతిప్ప చానలు. దాని కొసన ఉప్పుతిప్ప అనే శివారు ఊరు, ఆ ఊరి ఆరువందల నలభై ఎకరాలు.

ఆ చానలు రికార్డు అంతా ఒక్క మనిషి చేతిరాత. మేకా దానియేలు, లస్కరు. లస్కరు అంటే తూము దగ్గర కాపలా ఉండి గేటు ఎత్తి దించేవాడు, గేజి రాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించేవాడు. ముప్పై ఏళ్ళు చేసి నిరుడే రిటైరయ్యాడు. ఆయన తరవాత ఎవరినీ వేయలేదు. చెదలు కొట్టినవి, వానకు తడిసినవి, బీరువా అడుగున ఇరవై రెండు పుస్తకాలు. ఇందుమతి రెండు రోజులు కూర్చుని ప్రతి పేజీనీ ఫొటో తీసి నాలోకి ఎక్కించింది.

ఇరవై ఆరు నిమిషాల్లో చదివేసింది చదువరి. నమ్మండి, ఇరవై ఆరు. ఆఫీసు ఆఫీసంతా నా చుట్టూ మూగింది. చెదలు తిన్న అంకెల పక్కన ‘ఇది 3 కావచ్చు, 8 కావచ్చు’ అని అనుమానాలు కూడా రాసి పెట్టింది.

“మాకు రెండు నెలల పనమ్మా ఇది,” అన్నారు హెడ్డు క్లర్కు గారు కళ్ళజోడు సర్దుకుంటూ. నా మీద టీ గ్లాసు పెట్టిన మనిషి, ఆ రోజు నన్ను రుమాలుతో తుడిచారు.

చదువరి ఒక ప్రశ్న అడిగింది. ‘చాలా రోజులకు నీటిమట్టం గడి ఖాళీగా ఉంది. వాటిని ఎలా లెక్కించాలి?’ ఇందుమతి ఊపులో ఉంది. పెన్ను తీసి నా మీద చకచకా రాసింది, ‘ఖాళీలు = 0’ అని. రాయని చోట నీళ్ళు లేవనేగా అర్థం, అనుకుంది. పట్టిక తయారైంది. పదేళ్ళలో నీళ్ళు పారిన రోజులు నాలుగువందల పన్నెండు. ఏడాదికి నలభై రోజులు. నలభై రోజుల నీళ్ళతో వరి పండదు.

పట్టిక అడుగున చదువరి చిన్న అక్షరాలతో రెండు ముక్కలు రాసింది. ‘ముప్పై ఎనిమిది చోట్ల రాసినవారే స్వయంగా సున్నా వేశారు. కాబట్టి ఖాళీ గడికి ఆయన ఉద్దేశం ఏమిటో ఆయన్నే అడిగితే మంచిది.’ ఇందుమతి వేలు వాటి మీదనుంచి సర్రున జారిపోయింది. ఆ జోరు నాకు ఇంకా గుర్తే. నాకు నోరు లేదు, ఉంటే ఆ క్షణాన ఆఫీసు పైకప్పు ఎగిరిపోయేట్టు అరిచేదాన్ని. ఆమె రిపోర్టు మీద సంతకం పెట్టి భుజంగరావు గారికి పంపించేసింది. నాగులతిప్ప చానలు కొట్టివేతకు అర్హం.

అంతటితో అయిపోయేదే. కానీ నీటి సంఘం వాళ్ళకు సంగతి చెప్పి సంతకం తీసుకోవాలి. మూడో రోజు పొద్దున్నే స్కూటరు ఉప్పుతిప్పకు బయల్దేరింది. సంఘం అధ్యక్షురాలు సామ్రాజ్యం గారు ధాన్యపు గింజల బస్తా మీద కూర్చుని ఉన్నారు. యాభై ఏళ్ళుంటాయి. ఇందుమతి పట్టిక చూపించి, నెమ్మదిగానే చెప్పింది. ఆవిడ అంతా విని, కోపం తెచ్చుకోలేదు.

“నీళ్ళు రాలేదంటున్నారు. బాగానే ఉంది,” అన్నారు. “మరి నేను కూర్చున్న ఈ బస్తా ఎక్కడిదమ్మా? మేమేమన్నా కూనిరాగాలు తీసి పండించామా?”

ఇందుమతి తల తిప్పి చూసింది. ఎదురుగా చానలు ఎండి పగుళ్ళిచ్చి ఉంది, వేసవి కాబట్టి కాలువలు కట్టేశారు. ఏది నమ్మాలి? చేతిలో పట్టికనా, బస్తానా?

“రాసినాయన ఉన్నాడుగా, గేటు లాకు పక్కనే ఇల్లు. అడగండి,” అన్నారు సామ్రాజ్యం గారు.

దానియేలు గారు వేపపుల్ల నములుతూ వలకు పడ్డ చిల్లులు అల్లుకుంటున్నారు. బక్కపల్చటి మనిషి, అరవై దాటాయి. ఇంజనీరమ్మ వచ్చిందని లేచి, పుల్ల పడేసి, చొక్కా వేసుకొచ్చారు. ఆమె చెప్పింది విన్నారు. నన్ను రెండు చేతులతో తీసుకుని, పట్టికలో తన పేరు కింద ఉన్న సున్నాలన్నీ పైనుంచి కిందికి చూశారు.

“ఏంటమ్మా ఇది? పదేళ్ళు నేను గేటు కాడ నిద్రపోయినానని రాసిందా ఇది?”

“మీరు చాలా రోజులు ఏమీ రాయలేదు కదండీ.”

“మారితేనే గదమ్మా రాసేది. మారకపోతే ఏం రాస్తాం? నిన్న ఎంతుందో ఇయ్యాలా అంతే. మా నాయన అట్టాగే రాశాడు, నేనూ అట్టాగే రాశాను. ఏ లస్కర్నన్నా అడగండి. నీళ్ళు కట్టేసిన రోజున సున్నా వేశాను, చూళ్ళేదా మీరు? నీళ్ళు లేకపోతే లేవనే రాస్తాం. అది రాయకుండా ఎట్టా ఉంటాం?”

ఇందుమతి నన్ను వెనక్కి తీసుకుని పట్టిక చివరికంటా జరిపింది. ఆ చిన్న అక్షరాల రెండు ముక్కలు ఇప్పుడు చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది.

“ఇది నాకు చెప్పిందండీ,” అంది మెల్లగా. “నేనే చూడలేదు. ఖాళీలకు సున్నా వెయ్యమన్నది నేనే.”

ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు, ఎందుకంటే ఎనిమిది నెలలు బీరువాలో ఉన్నప్పుడు ఆఫీసులో ఎవరి నోటా ఆ మాట వినలేదు. దానియేలు గారు లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి ఆమెకు వేశారు. “మళ్ళీ అడగండి దాన్ని,” అన్నారు. “నేను చెప్తా.”

ఇక చూడండి సంబరం. ఇందుమతి పెన్ను ఆయన చేతికిచ్చింది. గాజు మీద రాస్తే గీసుకుపోదా అన్నారు ఆయన. పోదని చెప్పాక, చొక్కాకు చెయ్యి తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో నా మీద రాశారు. ‘ఖాళీ అంటే నిన్నటి మట్టమే. సున్నా అంటే సున్నా. మేకా దానియేలు, లస్కరు.’ ఎంతోమంది రాశారు నా మీద, అంత నొక్కి రాసినవాళ్ళు లేరు. చదువరి వెంటనే చదివింది. పట్టిక అంతా మళ్ళీ కట్టింది. నాలుగువందల పన్నెండు కాస్తా పందొమ్మిదివందల ముప్పై ఎనిమిది అయింది. ఏడాదికి నూటతొంభై రోజులకు పైనే.

“ఇది మీరు చెప్పిన మాట మీదే ఆధారపడిందండీ,” అంది ఇందుమతి. “మా సారు ఒప్పుకోరు. ఇంకేదన్నా రుజువు కావాలి.”

ఆ మాట పూర్తయీ కాకుండానే చదువరి నా మొహం మీద ఇంకో చీటీ పెట్టింది. ‘పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో రాసిన మాటలు ఉన్నాయి. నీటిమట్టం కాదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. చదవమంటారా?’ ఇందుమతి దాన్ని పైకి చదివింది. దానియేలు గారు సిగ్గుపడ్డారు, పొద్దుపోక రాసుకున్నవమ్మా అన్నారు.

చదవమంది ఆమె. ఒక్కొక్కటే తేలసాగాయి నా మీద. ‘బాతులు దిగినయి. రెండు వేలు.’ ‘సామ్రాజ్యం వాళ్ళ గేదె కాలవలో పడ్డది, నలుగురం లాగాం.’ ‘పిల్లకాయలు గేటు మీంచి దూకుతున్నారు, తరిమినా పోటల్లే.’ ‘తామరలు పూసినయి.’ ‘శివారు నాట్లు అయినయి. దేవునికి స్తోత్రం.’ అన్నీ నీటిమట్టం గడి ఖాళీగా ఉన్న రోజులవే. నీళ్ళు లేని కాలవలో రెండు వేల బాతులు ఏం చేస్తాయి చెప్పండి. బాతులు మేపేవాళ్ళు నీళ్ళున్న కాలవనే వెతుక్కుంటూ పోతారు, ఎండిన కాలవకు మందను తోలరు. అట్లాంటివి నూటడెబ్బై ఒక్క మాటలు ఏరి, తేదీలతో సహా వరసలో పెట్టింది చదువరి. దానియేలు గారు ఒక్కొక్కటి వినిపించినప్పుడల్లా తల ఊపుతూ, “అవును, ఆ గేదె, ఆ గేదె,” అంటూ మురిసిపోయారు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ చదవని అంచులు అవి. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు, ఇక అంతా గెలిచినట్టే అనుకున్నాను.

అప్పుడే చదువరి ఇంకో సంగతి రాసింది. అది దాచదు, పాపం దానికి దాచడం తెలియదు. ‘ఆరో ఏడాది ఆగస్టులో పంతొమ్మిది రోజులు అంచుల్లో కూడా ఏమీ లేదు. మిగతా పుస్తకాలన్నిటిలో ఇంత పొడుగు మౌనం ఇంకెక్కడా లేదు. ఈ రోజులు కూడా నిన్నటి మట్టమేనా?’

దానియేలు గారు పెన్ను తిరిగి ఇందుమతికిచ్చారు.

“అప్పుడు నాకు కామెర్లమ్మా,” అన్నారు. “మంచం దిగలేదు. ఎవర్నీ పంపమని అడగలేదు, అడిగితే పని పోద్దని భయం. గేటు కాడికి ఎవరూ పోలా. నీళ్ళున్నయ్యో లేవో నాకు తెలీదు.”

“ఉండే ఉంటాయి కదండీ. ఆగస్టు కదా.”

“ఉండే ఉంటయి. కానీ నేను చూళ్ళేదు. చూడంది రాయమాకండి, తీసెయ్యండి.”

తీసేశారు. పందొమ్మిదివందల పంతొమ్మిది రోజులు మిగిలాయి. ఆ పక్కనే ‘లస్కరు అనారోగ్యం, చూడలేదు’ అని ఆయన చేతే రాయించింది ఇందుమతి. దాచిన భయం ఇన్నేళ్ళకు బయటపెట్టిన మనిషి రాత అది, అంచు దాకా వణికింది. అక్కడికక్కడే ఆమె ఫోను తీసి భుజంగరావు గారికి చేసి, “సార్, నేను పంపిన రిపోర్టు తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను,” అంది. అవతలినుంచి ఏమన్నారో నాకు వినపడలేదు కానీ, ఆమె చెవి ఎర్రబడింది.

గురువారం మీటింగు. భుజంగరావు గారు జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నారు, సంతకం పెట్టే కుర్చీ ఆయనదే. ఇస్త్రీ చొక్కాలో దానియేలు గారు, ఆయన పక్కన సామ్రాజ్యం గారు. నేను బల్ల మధ్యలో. నా కిటికీలోంచి చదువరి.

“మొన్న నాలుగువందలన్నారు, ఇవాళ పందొమ్మిదివందలు. రేపు ఎంతంటారమ్మా?” అన్నారు భుజంగరావు గారు. “రిటైరైనాయన మాట మీద ఖాళీలు నింపేస్తే ఎట్లా?”

ఇందుమతి తను రాసిన ‘ఖాళీలు = 0’ పేజీ చూపించింది. చదువరి అడుగున రాసిన రెండు ముక్కలు చూపించింది. లస్కరు వేసిన సున్నాలు చూపించింది, బాతులు చూపించింది. ఆఖరున ఆ పంతొమ్మిది రోజుల పేజీ చూపించింది. భుజంగరావు గారు ఆ వణికిన రాతను చాలాసేపు చూశారు. దానియేలు గారు గోడవైపు చూస్తున్నారు. ఉద్యోగంలో ఉండగా చెప్పని తప్పు, ఇప్పుడు నలుగురి మధ్యా బల్ల మీద ఉంది.

“తన రోజులు తానే తగ్గించుకున్నాయన మిగతావి పెంచి చెప్పడు,” అన్నారు భుజంగరావు గారు. జాబితాలో నాగులతిప్ప ఎదుట ఉన్న ‘కొట్టివేత’ అన్న మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. అప్పుడు నా వంక తిరిగి, “ఇది నాదగ్గర ఉన్నదే కదూ?” అన్నారు.

“అవును సార్. మీ సంతకాలు నలభై మూడూ భద్రంగా ఉన్నాయి,” అంది ఇందుమతి.

గది మొత్తం నవ్వింది, ఆయనతో సహా. సామ్రాజ్యం గారు మాత్రం నవ్వలేదు, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ సాయంత్రం ఇందుమతి నాలోని బదిలీ అర్జీ పేజీ తెరిచి, కొంచెంసేపు చూసి, చెరిపేసింది. నాకు బరువు తగ్గింది.

జూన్‌లో పూడిక తీశారు, గేటుకు కొత్త రబ్బరు వేశారు. ఆ పని చూసి వస్తూ ఒకరోజు స్కూటరు గుంతలో పడి నా మూల ఒకటి చిట్లింది, ఇక ఆఫీసుకు పనికిరానన్నారు. దాందేముంది, కొత్త లస్కరు వచ్చేదాకా దానియేలు గారినే గేటు చూడమన్నారు, నన్ను ఆయనకు ఇచ్చారు. ఇప్పుడు లాకు గదిలో ఆయన బైబిలుకూ టార్చిలైటుకూ మధ్య నా చోటు. కిటికీలోంచి గేజి రాయి కనిపిస్తుంది. బీరువాతో పోలిస్తే ఇది స్వర్గం.

నీళ్ళొచ్చిన రోజు గట్టు మీద ఊరు ఊరంతా నిలబడింది. దానియేలు గారు గేజి చూసి వచ్చి, చెయ్యి తుడుచుకుని, రెండున్నర అడుగులని నా మీద రాశారు. ఇకనుంచి మారినా మారకపోయినా రోజూ రాయాలని ఇందుమతి ఒట్టు పెట్టించుకుంది. నాలుగు రోజులు రాశారు, రెండున్నర, రెండున్నర, రెండున్నర, రెండున్నర. అయిదో రోజు పొద్దున గేజి చూసొచ్చారు. పెన్ను తీశారు. నీళ్ళవంక చూశారు, నా వంక చూశారు. పెన్ను మళ్ళీ యథాస్థానంలో అతికించి, టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

చదువరి ఇందుమతికి కబురు పంపింది. ‘ఇవాళ గడి ఖాళీగా ఉంది. నిన్నటి మట్టమేనా?’ అవునని ఆమె దగ్గరనుంచి జవాబొచ్చింది, తిట్టు కూడా లేదు. ఇవాళ్టికి పదకొండో రోజు నా పేజీ ఖాళీగానే ఉంది. కంగారుపడకండి, నీళ్ళున్నాయి.